గోడ నిండా నోళ్ళు

నా జోకులకు కడుపు పట్టుకుని నవ్విన శ్రోతలు నాకు జీవితంలో ఒకే ఒక్క చోట దొరికారు. వాళ్ళెవరికీ చెవులు వినపడవు. వినపడలేదు కాబట్టే నవ్వారని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆవిడకు చెవులు బాగా వినపడతాయి, అందుకే నవ్వదు.

ఆ శ్రోతల్ని నాకు ఇచ్చిన మనిషి పోయిన వారం చనిపోయింది. కబురు వీడియో కాల్‌లో వచ్చింది. తెలుగువాళ్ళూ బెంగాలీలూ కలిసుండే మా రైల్వే ఊళ్ళో, మలంచా రోడ్డు మీద నా ఫ్లెక్సుల దుకాణంలో ఏదో పుట్టినరోజు బ్యానరు కత్తిరిస్తూ ఉన్నాను. ఆమె దగ్గర బొమ్మలు నేర్చుకున్న అమ్మాయి ఫోను తెర మీదకు వచ్చి, చూపుడువేలిని తల వెనక జుట్టు ముడిలో గుచ్చినట్టు చూపించింది. తరవాత కళ్ళు మూసి తల పక్కకు వాల్చింది.  

ఆ వేలు గుచ్చడమే ఆమె పేరు. కాగితాల మీద ఇంకో పేరు ఉంది గానీ అది జీతం పుచ్చుకునేటప్పుడు సంతకానికి తప్ప ఎందుకూ పనికొచ్చేది కాదు. చెవిటివాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త మనిషి వస్తే కొన్నాళ్ళు ఊరికే చూస్తారు. ఆ మనిషిలో ఏది అందరి కళ్ళకీ తగులుతుందో దాన్ని చేత్తో చూపించి అదే పేరు చేసేస్తారు. వద్దనడానికి లేదు. ఆమె ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది. బడి సెక్రటరీగారి పేరు ముక్కు మీదకు జారే కళ్ళజోడు. నా పేరు, నోటి ముందు అయిదు వేళ్ళనీ బాతు ముక్కులా టపటపలాడించడం. పేరు పెట్టిన రోజు నేను కొంచెం నొచ్చుకున్నాను. వినపడకుండానే ఎలా కనిపెట్టారా అని.

నేను ఏడో క్లాసులో బడి మానేసినవాణ్ణి. మళ్ళీ బడి గుమ్మం ఎక్కుతాననుకోలేదు. సుభాష్‌పల్లి వైపు ఒక ట్రస్టువాళ్ళు నడిపే చెవిటి పిల్లల బడికి నన్ను పిలిపించింది గోడ మీద నోళ్ళు వెయ్యడానికి. సెక్రటరీగారు రైల్వే ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన తెలుగాయన. ఎలాగైనా పిల్లల చేత మాట్లాడించాలని ఆయన పట్టుదల. ఏ శబ్దానికి పెదాలు ఎలా పెట్టాలో, నాలుక ఎక్కడ ఆనించాలో డ్రాయింగ్ గది గోడల చుట్టూ పెద్ద పెద్దగా వెయ్యమన్నారు. నేనప్పటికి చేత్తోనే బోర్డులు రాసేవాణ్ణి. ఎర్రటి పెదాలు, తెల్లటి పళ్ళు, గులాబిరంగు నాలుకలు వేశాను. పని పూర్తయ్యాక గది మధ్యలో నిలబడి చూసుకుంటే పళ్ళ డాక్టరుకు జ్వరంలో వచ్చిన కలలా ఉంది.

వేస్తున్నన్నాళ్ళూ పిల్లలు గుమ్మం దగ్గర మూగేవారు. ఒక్కొక్క నోరు పూర్తయినప్పుడల్లా నేను వాళ్ళ వైపు తిరిగి ఆ నోరు పెట్టేవాణ్ణి. ఇది సెక్రటరీగారు ఫైలు చదివేటప్పటి నోరు. ఇది మా ఆవిడ నేను వండిన కూర రుచి చూసినప్పటిది. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వేవారు. ఒకరోజు డ్రాయింగ్ టీచరు, అంటే ఆమె, వాళ్ళ వెనక వచ్చి నిలబడింది. నవ్వలేదు. దగ్గరకు వచ్చి నా ముఖం వైపు వేలు చూపించి బాగుందని తల ఊపింది. నా చేతులు పట్టుకుని పైకెత్తి చూసి పెదవి విరిచింది. ముఖం ఉంది, చేతులు లేవు, నేర్చుకో అని. ఆమెకూ పుట్టుకతో చెవుడే.

నేర్చుకున్నాను. చదువు నాకు ఆ గుమ్మం దగ్గర వంటబట్టింది. కొన్నాళ్ళకు ఆమెకూ ఆఫీసుకూ మధ్య దుబాసీ పని కూడా నా నెత్తిన పడింది, ఇంకెవరూ దొరకక. ఇక్కడ ఆమె అన్నవన్నీ నేను తెలుగులో పెడుతున్న మాటలు. ఆమె చేతుల్లో ఉన్నవి ఇంతకంటే పొట్టిగా, ఇంతకంటే ఘాటుగా ఉండేవి. కనుబొమలైతే రాతలో పెట్టడం నా వల్ల కాదు.

ఆ బళ్ళో ఆమె చేసినంత చప్పుడు ఇంకెవరూ చేసేవారు కారు. కుర్చీ లాగితే పక్క గదిలో లెక్కలు చెప్పే దీదీ చెవులు మూసుకునేది. టీ జుర్రుకుంటే వరండా దాకా వినిపించేది. నవ్వితే పావురాలు లేచిపోయేవి. ఎవరైనా వచ్చి పెదాల మీద వేలు పెట్టి చూపిస్తే, ఆమె చేతులు కట్టుకుని, నేనేం మాట్లాడాను అన్నట్టు అమాయకంగా చూసేది. వాళ్ళు వెళ్ళగానే కుర్చీ ఇంకోసారి లాగేది. అది మాత్రం తెలిసే చేసేది.

చేతులతో మాట్లాడేవాళ్ళు చేతులతో బొమ్మలు వెయ్యడంలో ఒక చిక్కుంది. వేస్తుంటే మాట్లాడలేరు. కాగితం చూస్తుంటే టీచరు ఏమంటోందో తెలీదు. మామూలు టీచరు పిల్లల తలల మీదుగా చెప్పుకుంటూ పోవచ్చు, ఇక్కడ అది కుదరదు. అందుకని ఆమె పిల్లల్ని అర్ధచంద్రంలా కూర్చోబెట్టేది. ఏదైనా చెప్పాలంటే కాలితో నేలను గట్టిగా తన్నేది. ఆ అదురు బెంచీల్లోంచి ఒంటికి తెలిసి అందరూ పెన్సిళ్ళు కింద పెట్టి తలెత్తేవారు. చివరి పిల్లవాడి కళ్ళు తన మీదకు వచ్చేదాకా ఆమె చెయ్యి కదిపేది కాదు. చెప్పడం అయ్యాక చెయ్యి దించేది, తలలన్నీ మళ్ళీ కాగితాల మీదకు వాలేవి. ఇక ఎవరినీ కదిలించకూడదు. ఒకసారి నేను అలవాటు కొద్దీ బొమ్మ వేస్తున్న ఒక పిల్ల ముఖం ముందు చెయ్యి ఊపి ఏదో హాస్యం చెప్పబోయాను. ముడిలోని పెన్సిలు తీసి నా వేళ్ళ మీద ఒకటి వేసింది.

"దాని చూపు ఒక్కటే. సగం నీకు, సగం కాగితానికి పంచమంటావా?"

"సగంసేపు బొమ్మలే వెయ్యరేటి ఈళ్ళు" అని ఆయా నన్ను అడిగేది. సెక్రటరీగారూ కిటికీలోంచి అదే అడిగేవారు, ఇంగ్లీషులో.

ఆమె ఇంటి సంగతి నాకు నెమ్మదిగా తెలిసింది. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చిన కుటుంబం. చిన్నప్పుడు ఆమెను కలకత్తాలో చెవిటి పిల్లల బళ్ళో పెట్టారు. అక్కడ చేతులు వెనక్కి పెట్టించి పెదాలు చదవడం నేర్పారు, బెంగాలీ పెదాలు. సెలవులకు ఇంటికొస్తే అమ్మ తెలుగులో మాట్లాడేది. ఎదురు క్వార్టర్ బెంగాలీ మాషీ, అంటే పిన్నిగారు, ఏమంటోందో ఈ పిల్లకు కాస్తో కూస్తో అందేది. కన్నతల్లి ఏమంటోందో అందేది కాదు. "మా అమ్మ నాతో ఏం మాట్లాడేదో నాకు ఇప్పటికీ తెలీదు. చేతులతో అన్నం కలిపి పెట్టేది. అంతవరకే మా సంభాషణ" అంది ఒకసారి. 

బడిలో తెలుగు ఇళ్ళ పిల్లలు, బెంగాలీ ఇళ్ళ పిల్లలు, ఒడియావాళ్ళు, హిందీవాళ్ళు. అందరికీ కలిసి ఉన్నది చేతులే. ఆ చేతులు ఆగకుండా ఆడే చోటు డ్రాయింగ్ గది ఒక్కటే. అంతకుముందు ఆ గదిలో తామరపువ్వు, ఆవిరి ఇంజను చూసి దింపించేవారు. ఆమె వచ్చాక, మీ ఇంట్లో అన్నం తినే వేళ ఎలా ఉంటుందో వెయ్యండి అంది. ఇందాక వీడియో కాల్ చేసిందని చెప్పానే, ఆ అమ్మాయి అప్పటికి చిన్నపిల్ల. ఆ పిల్ల వేసిన బొమ్మలో వరసగా కూర్చున్న అమ్మ, నాన్న, అన్నలు. ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి రైలు పట్టాల పైన ఉండే కరెంటు తీగల్లా గీతలు. చివర తను. తన దగ్గరికి ఒక్క తీగ కూడా రాలేదు. ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూసి, తీసుకెళ్ళి నేను వేసిన ఒక నోటి మీద అంటించింది. తరవాత రోజుకొకటి. నెమ్మదిగా నా నోళ్ళన్నీ మూతపడ్డాయి. నా పనికి అంతకంటే మంచి గతి పట్టదనుకుని నేనే జిగురు తెచ్చి ఇచ్చాను.

ఒకరోజు ఒక పిల్లవాడు ఆమెను అడిగాడు. "పెద్దయ్యాక మాకు వినపడుతుంది కదా. మరి మీకెందుకు రాలేదు?" వాడు ఇంట్లో చూసిన పెద్దవాళ్ళందరికీ వినపడుతుంది. చెవుడు చిన్నపిల్లలకుండేదేననీ, ఎదిగితే పోతుందనీ వాడు అనుకుంటున్నాడు. గదిలో తక్కిన పిల్లలు కూడా ఆమె జవాబు కోసం చూస్తున్నారు. ఆదివారం చూపిస్తానంది.

ఆ వచ్చిన ఆదివారం ఆ పిల్లవాణ్ణీ పెద్ద పిల్లల్నీ అవుట్‌డోర్ స్కెచింగ్ అని చెప్పి స్టేషనుకు తీసుకెళ్ళింది. నన్నూ రమ్మంది. మా ఊరి స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర, జనం పలచబడే చోట, ఆదివారం సాయంత్రాలు చెవిటివాళ్ళు చేరతారు. టైలర్లు, ప్రెస్సులో పనిచేసేవాళ్ళు, పిల్లల తల్లులు. అటు ప్లాట్‌ఫారం మీద ఇద్దరు, ఇటు ముగ్గురు, మధ్యలో పట్టాలు దాటి ముచ్చట్లు. మనం అరిచినా వినపడని దూరంలో వాళ్ళు హాయిగా కబుర్లాడుకుంటున్నారు. గూడ్సు బండి అడ్డం వచ్చింది. ఒక ముసలాయన ఆగలేదు. వ్యాగనుకూ వ్యాగనుకూ మధ్య సందు దొరికినప్పుడల్లా ఒక్కో ముక్క చెబుతూ, బండి దాటేసరికి కథ ముగించాడు. అవతలివాళ్ళు పడిపడి నవ్వారు. పిల్లలు పెన్సిళ్ళు మరిచిపోయారు. ఇందాకటి పిల్లవాడు ఆ ముసలాయన దగ్గరకు పోయి ఆయన చేతులు పట్టుకుని చూశాడు, వయసు ఎంతో కొలుస్తున్నట్టు. తరవాత కూర్చుని వేశారు. ఆ వారం వాళ్ళు వేసిన బొమ్మల్లో ముసలివాళ్ళే ముసలివాళ్ళు.

ఎవరి తండ్రో చూశాడు. సోమవారం ఆఫీసుకొచ్చాడు. "మా పాపని టేసన్లో మూగోళ్ళ మజ్జిన కూకోబెట్టినారట. రేపు అది మాటాడ్డమే మానేత్తే ఏటి సెయ్యాల మేము?"

సెక్రటరీగారు మమ్మల్నిద్దర్నీ పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ భవనం కోసం ఊరంతా తిరిగిన మనిషి. "చూడవయ్యా, రేపు వీళ్ళు బుకింగ్ కౌంటరు ముందు చేతులు ఊపితే టికెట్టు ఇస్తాడా? ఆవిడతో చెప్పు, ఇక క్లాసులో చేతులు వద్దు. గోడ మీద బొమ్మలు తీసేసి, కిందున్న నోళ్ళు చూపించి పలికించమను."

చెప్పాను. ఆమె ఆయన వైపు తిరిగి సైగ చేసింది. "మీ అమ్మ నేర్పిన భాషలో మాట్లాడవద్దని ఎవరైనా అంటే మీరు వాణ్ణి ఏం చేసేవారో, నాకు ఇప్పుడు మిమ్మల్ని అదే చెయ్యాలని ఉంది."

నేను గొంతు సవరించుకున్నాను. "టీచరుగారు ఆలోసిస్తానంటన్నారండి సార్."

సెక్రటరీగారు ఊరట పడి నవ్వారు. ఆమె ఆ నవ్వును చూసింది. నా వైపు తిరిగింది.

"నేను పెట్టింది మిరపకాయ. ఆయన మిఠాయి తిన్నట్టున్నాడు. మధ్యలో ఏం కలిపావు?"

"నీ ఉద్యోగం కలిపాను" అన్నాను చేతులతో.

"తీసేసి మళ్ళీ వడ్డించు."

వడ్డించాను. కళ్ళజోడు ముక్కు చివరిదాకా జారింది. ఆయన దాన్ని పైకి తోసుకున్నారు. "కోపం వచ్చింది ఆవిడకి. రానీ. రూలు రూలే" అన్నారు చివరికి.

బయటకు వచ్చాక, మానెయ్యమన్నాను. ఎక్కడికి పోవాలి అని అడిగింది. ఊళ్ళో అలాంటి బడి ఇంకోటి లేదు. ఇంట్లో అన్న, వదిన, వాళ్ళ పిల్లలు, టీవీ. అమ్మ కూడా అప్పటికి పోయింది. ఆమెతో మాట్లాడగలిగిన మనుషులందరూ ఆ గదిలోనే ఉన్నారు, ఆదివారం ప్లాట్‌ఫారం మీద తప్ప. ఆ ఆదివారాలకు కూడా అన్న మొగం మాడ్చేవాడు.

గోడ మీద బొమ్మలు ఊడదీసి, లోపల చేతులు ఆడితే కనపడేలా గది తలుపుకు గాజు అద్దం పెట్టారు. ఆయా మధ్యమధ్యలో తొంగిచూసేది. పిల్లలు నా నోళ్ళ ముందు నిలబడి నోళ్ళు తెరిచి మూసేవారు. ఒడ్డున పడ్డ చేపల్లా ఉండేవారు. కొన్ని రోజులకు ఆమె హ్యాండ్ స్టడీ మొదలుపెట్టింది. బొమ్మలు నేర్చుకునేవాళ్ళు చేతిని గీయడం ఎక్కడైనా ఉన్నదే, సిలబస్సులో కూడా ఉంది. ఒకరు చెయ్యి పెట్టి నిలబడాలి, తక్కినవాళ్ళు గీయాలి. తరవాత ఇంకొకరు ఇంకో రకంగా. చెయ్యి మారినప్పుడల్లా ఒక మాట. అద్దంలోంచి చూస్తే బుద్ధిగా పాఠం. సెక్రటరీగారు మెచ్చుకున్నారు కూడా, అనాటమీ బాగుందని.

నాకు పట్టలేనంత సంబరమైంది. జైల్లోంచి సొరంగం తవ్వావు అన్నాను. ఆమె నవ్వలేదు.

"పిల్లలు మాట్లాడుతూ తలుపు వైపు చూస్తున్నారు. నేను చిన్నప్పుడు అలాగే చూసేదాన్ని. అదే నేర్పుతున్నాను వీళ్ళకి."

వార్షికోత్సవం నాడు ఆ చేతుల బొమ్మలన్నీ అదే గది గోడలకు పెట్టారు. ముఖ్య అతిథి హిజ్లీ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. ఒకప్పుడు నాట్యం నేర్పేదట. గోడంతా తిరిగి చూసి ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుంది. "కీ షుందొర్ ముద్రా" అంది. ఎంత అందమైన ముద్రలో అని. సెక్రటరీగారు మొదట తెల్లబోయి, వెంటనే అందుకున్నారు. అవునండీ, మన సంప్రదాయం, నాట్యముద్రలు, పిల్లలకు ప్రత్యేకంగా నేర్పిస్తున్నామండీ అని. వెనక నిలబడ్డ తల్లిదండ్రులు ముద్రలు, ముద్రలు అని ఒకరికొకరు చెప్పుకున్నారు. తీగల బొమ్మ వేసిన అమ్మాయి తండ్రి తన కూతురు వేసిన చేతి ముందు నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఆ చెయ్యి 'నాన్నా, ఇటు చూడు' అంటోంది.

ఆమె నా మోచెయ్యి పట్టుకుని ఏమంటున్నారని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. నన్ను మైకు దగ్గరకు లాక్కుపోయి ఎదురుగా నిలబడింది. నేలను ఒక్కసారి తన్నింది. పిల్లలందరూ తలెత్తారు.

"తగ్గించకు" అంది నాతో ముందుగా. తరవాత చెప్పింది. నా గొంతు ఆ మాటల్ని బెంగాలీలో చెప్పుకుంటూ పోయింది.

"ఇవి నాట్యం కాదు. ఈ పిల్లల మాటలు. ఈ గదిలో వీళ్ళు మాట్లాడకూడదని రూలు ఉంది, అందుకని బొమ్మలుగా వేసుకున్నారు. అందంగా ఉన్నాయన్నవాళ్ళు, ఆ రూలు తీసెయ్యమని కూడా ఒక మాట అనేసి వెళ్ళండి."

మాట పూర్తయ్యేసరికి నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. పిల్లలు రెండు చేతులూ గాల్లోకెత్తి ఆడించారు, వాళ్ళ చప్పట్లు అవే. పెద్దవాళ్ళు వాళ్ళకేదో డాన్సు మొదలైందనుకుని మామూలు చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథి కళ్ళు తుడుచుకుని, ఎంత బాగా చెప్పించారు అని సెక్రటరీగారి చేతులు పట్టుకుంది. తరవాత సందేశ్ మిఠాయి, సమోసా పంచారు. రూలు గురించి ఎవరూ ఏమీ అనలేదు.

కొత్త సంవత్సరం టైం టేబుల్లో డ్రాయింగ్ పీరియడ్ లేదు, ఆమె ఉద్యోగమూ లేదు. దాని బదులు స్పీచ్. గోడ మీద నోళ్ళ రంగు వెలిసిపోయింది, మళ్ళీ వెయ్యమని నాకు కబురు వచ్చింది. ఆ ఎరుపు ఇప్పుడు తయారు కావడం లేదని చెప్పాను.

తరవాత నేనొకసారి వాళ్ళ అన్న క్వార్టరుకు వెళ్ళాను. ముందుగదిలో టీవీ సీరియల్ నడుస్తోంది. అందరూ దాన్ని చూస్తున్నారు, ఆమె వాళ్ళను చూస్తోంది. కూర్చుందామని కుర్చీ లాగాను, చప్పుడు రాలేదు. వంగి చూస్తే నాలుగు కాళ్ళకూ సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగి ఉన్నాయి. ఇంట్లో అన్ని కుర్చీలకూ అంతే.

వదిన టీ తెచ్చింది. "మాతోటే కూకుంటాదండి, టీవీ సూత్తాది. ఇన్నేళ్ళలో ఒక్క మాట ఎదురు సెప్పనేదు. ఇలాటి ఆడబొడుసు ఎవులికి దొరుకుతాది సెప్పండి బావూ."

ఆమె నా వైపు చూసింది, ఏమంటోందని. చెప్పాను. టీ కప్పు పక్కన పెట్టి పెద్దగా నవ్వింది. సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారు. అన్న చటుక్కున తిరిగి పెదాల మీద వేలు పెట్టాడు. నవ్వు ఆగిపోయింది. ఆ వేలికి ఆమె అంత త్వరగా ఆగడం నేను బళ్ళో ఎప్పుడూ చూడలేదు. చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా కోసమైనా అవి పైకి లేస్తాయేమోనని చాలాసేపు చూశాను.

నాకు ఉండబట్టలేదు. "ఆ రోజు మైకులో నేను కాస్త తగ్గించి చెప్పుంటే, ఆ గదిలో నువ్వు ఇంకా ఉండేదానివి" అన్నాను.

అప్పుడు లేచాయి చేతులు. టీవీ చూస్తున్నవాళ్ళకు కనపడకుండా, ఒళ్ళోనే, చిన్నగా.

"నేనెందుకుంటాను? నువ్వే ఉండేవాడివి. తగ్గించాక అది నా మాట కాదు, వాళ్ళతో మాట్లాడింది నువ్వే అయ్యేది కదా."